క్లచ్చి లేని కారు

మా మామకు ఎడమకాలు లేదు. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే తొడ సగం దాకా తీసేసి ఉండింది. అంతకుముందు ఆయన నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య సొంత బస్సు నడిపేవాడు. ఒక వానాకాలం కల్వర్టు మీద బస్సు పక్కకు ఒరిగింది. దూకబోయిన మనిషి కాలు దాని కింద పడింది. కర్నూలు ఆసుపత్రిలో కాలు తీసేశారు. బస్సు అమ్మేశాడు కాబట్టి ఇక ఇంటిపట్టున ఉంటాడని అందరూ అనుకున్నారట. ఆయన ఉండలేదు. మద్రాసులో ఒక సినిమాల వ్యాపారి వాడి వదిలేసిన అమెరికా కారు ఒకటి ఉందని విని, పోయి కొనుక్కొచ్చాడు.

ఆ కారుకు క్లచ్చి లేదు. ఎడమకాలితో తొక్కాల్సిన పనే లేదు. స్టీరింగు కింద ఒక చిన్న కడ్డీ ఉండేది. దాన్ని పక్కకు జరిపి కుడికాలితో తొక్కితే చాలు, గేర్లు వాటంతటవే మారేవి. మా ఆళ్లగడ్డ చుట్టుపక్కల అట్లాంటి బండి మరొకటి లేదు. ఒంటికాలి మనిషి అంత పొడుగు కారును నడుపుకుంటూ పోతుంటే మొదట్లో జనం రోడ్డు పక్కన నిలబడి చూసేవాళ్లట. ఆయనకు కావలసిందీ అదే.

నా పుట్టిల్లు నంద్యాల. మా నాయన పత్తి మిల్లులో ఇంజను చూసేవాడు. పత్తిబండ్లతో మిల్లుకు వచ్చే రోజుల్లో నా భర్త నన్ను చూశాడు. అప్పటికే మామ కోయిలకుంట్ల దిక్కున ఒక పెద్ద రైతు ఇంట్లో సంబంధం మాట్లాడి పెట్టాడు. నా భర్త తండ్రి మాటకు ఎదురు నిలబడి గెలిచింది బతుకులో ఆ ఒక్కసారే. ఆ గెలుపు తాలూకు కసి అంతా మామ నా మీద తీర్చుకున్నాడు. నన్ను పేరు పెట్టి పిలవలేదు, అమ్మాయ్ అని కూడా అనలేదు. నేను ఆయనకు నూనెగుడ్డలది. ఇంటికి ఎవరు వచ్చినా వాళ్ల ముందు, "ఆ నూనెగుడ్డలదాన్ని మజ్జిగ తెమ్మను" అనేవాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని, ఇంజను నూనె వాసన వస్తాందని పక్కన ఉమ్మిన రోజులున్నాయి.

నేనేమీ మెత్తని మనిషిని కాను. ఆయన మజ్జిగలో ఉప్పు ఎప్పుడూ సరిగ్గా పడేది కాదు.

అయినా ఆ ఇంట్లో బతకగలిగామంటే కారు వల్లే. పొద్దున్నే ఎద్దులకు మేత పడగానే ఆయన కారెక్కి వెళ్లిపోయేవాడు. పొలాల మీదికి పోయేవాడు, కోయిలకుంట్లలో శనగల బేరాలకు పోయేవాడు, బనగానపల్లె మామిడితోటలకు పోయేవాడు. ఏ పనీ లేకపోతే అవుకు దాకా పోయి చెరువుకట్ట మీద బండి ఆపుకొని కూర్చునేవాడట. దీపాలు పెట్టే వేళకు కారు శబ్దం వినపడేది. అంతవరకూ అత్త నడుం వాల్చేది, నేను గట్టిగా మాట్లాడేదాన్ని. శబ్దం వినగానే అత్త లేచి కూర్చొని కొంగు సర్దుకునేది.

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులు. ఒక ఎండాకాలం ఆ కారు నంద్యాల రోడ్డు మీద ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది, ఎంత తొక్కినా అరుస్తోంది, చక్రాలు మాత్రం కదలడం లేదు. ఎవరో సైకిలు మీద వచ్చి చెబితే నా భర్త ఎద్దులను పంపించాడు. మా కొట్టంలో ఒంగోలు జత ఉండింది, ముసలి బక్క జత ఉండింది. ఆయన పంపించింది బక్క జతను.

ఆ జత ఆళ్లగడ్డ బజారు నడుమ ఆ కారును లాక్కొచ్చింది. మామ స్టీరింగు పట్టుకొని, ఎటూ చూడకుండా కూర్చొని ఉన్నాడు. అంగళ్ల ముందర నిలబడినవాళ్లు ఎవరూ పైకి నవ్వలేదు. ఇంటి ముందు దిగి, చంకకర్ర ఆనించుకొని, మామ మొదట ఎద్దులను చూశాడు, తర్వాత కొడుకును చూశాడు.

"ఒంగోలు గిత్తలు యాడికి పోయినాయి?"

అవి పొలంలో ఉన్నాయని నా భర్త చెప్పాడు. అవి అప్పుడు కొట్టంలోనే నెమరేస్తున్నాయి.

ఆ రోజు నుంచి మామ ఇంట్లోనే. తలవాకిట్లో నులకమంచం వేసుకొని, చంకకర్ర ఒళ్లో పెట్టుకొని కూర్చునేవాడు. ఎవరు గడప దాటినా ఆయన కాలిని దాటినట్టే ఉండేది. బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఏరడం రాదనేవాడు, నీళ్లు తోడుతుంటే చేంతాడు తెంపేస్తావనేవాడు. అత్తను ఎందుకు కూర్చున్నావంటాడు, లేస్తే ఎందుకు లేచావంటాడు. నా వంట, నా నడక, మా నాయన, ఆయన ఇంజను, నాకు ఇంకా బిడ్డలు కలగకపోవడం, అన్నీ ఆ మంచం మీదికి వచ్చేవి. కర్రతో నేలను కొట్టి పిలిచేవాడు. అట్లాంటి చప్పుడు వింటే ఇప్పటికీ చేతిలో పని వదిలి లేస్తాను.

నా భర్తకు మాత్రం ఆ రోజులు బాగున్నాయి. పొలం పనులు, బేరాలు, మనుషులు, అన్నీ ఆయన చేతికి వచ్చాయి. నంద్యాలలో లారీల షెడ్డుకు పోయి అడిగి వచ్చి, ఈ గేర్‌బాక్సు ఇక్కడ ఎవరికీ తెలియదని, దాన్ని తీసేసి క్లచ్చితో నడిచే మామూలు గేర్‌బాక్సు ఎక్కించవచ్చని ఒకరోజు భోజనాల దగ్గర చెప్పాడు.

మామ చెయ్యి విస్తట్లోనే ఆగింది. "క్లచ్చి ఎవురు తొక్కల్ల?" అని అడిగాడు.

"రెండు కాళ్లున్నోళ్లు తొక్కుతారు" అన్నాడు నా భర్త.

అంత మాట నేను కూడా అనుండేదాన్ని కాదు. మామ చెయ్యి కడుక్కొని లేచిపోయాడు. మరునాడే ఒక జీతగాన్ని తోడు తీసుకొని రైలెక్కి మద్రాసు పోయాడు. అక్కడ ప్రమాదంలో నుజ్జయిన అదే రకం కారును వెతికి పట్టుకొని, దాని గేర్‌బాక్సును చెక్కపెట్టెలో వేయించి రైల్లో పంపించాడు. నంద్యాల స్టేషను నుంచి అది ఎద్దులబండిలో వచ్చింది. ఈసారి బండికి కట్టింది ఒంగోలు గిత్తలనే. మామ ఎదురుగా నిలబడి కట్టించాడు.

పని ఇంట్లోనే చేస్తానని మామ చెప్పాడు. బస్సు నడిపిన రోజుల్లో ఇంజన్లు ఆయనే విప్పి బిగించుకునేవాడు. ఆ విద్య ఆయనకు బాగా వచ్చు, అది కాదనను. గొడ్లకొట్టం ముందు కారును జాకీతో లేపి, నాలుగు పక్కలా వేపదుంగలు పేర్పించాడు. ఎవరో నాపరాళ్లు పెడదామంటే ఒక బండను సుత్తితో కొట్టి, అది రెండు ముక్కలైతే చూపించి, మాట్లాడకుండా పక్కకు తోశాడు. తర్వాత గోనెసంచి పరిపించుకొని, వెల్లకిలా పడుకొని, మోచేతుల మీద కారు కిందికి పాకాడు.

గేర్‌బాక్సులోని నూనెను తొట్టిలోకి వదిలితే తారులాగా నల్లగా వచ్చింది. అడుగంటిన పప్పు వాసన కొట్టింది. వెనక చక్రాలకు పోయే పొడుగు షాఫ్టును విప్పారు. గేరుకడ్డీ నుంచి వచ్చే ఊచలు, మైళ్లు చూపించే తీగ, నూనె చల్లారేందుకు ముందుకు పోయే సన్నగొట్టాలు, అన్నీ ఒక్కొక్కటి ఊడి వచ్చాయి. ఇద్దరు జీతగాళ్లు బయట నిలబడి అందిస్తుంటే రెండుమూడు రోజులు పని సాఫీగానే సాగింది. తర్వాత ఆగిపోయింది.

గేర్‌బాక్సును ఇంజనుకు పట్టి ఉంచే బోల్టుల్లో పైన రెండు ఉన్నాయి. వాటికీ కారు అడుగురేకుకూ మధ్య సందు చాలా తక్కువ. మామ చెయ్యి దానిలో దూరలేదు. ఆయన ముంజేతులు రోకలిబండల్లాంటివి. జీతగాళ్ల చేతులు కూడా మోచేయి దగ్గరే ఇరుక్కున్నాయి. నా భర్త చేతులు సన్నగానే ఉండేవి, కానీ ఆయన కొట్టం వైపు రావడమే మానేశాడు. తండ్రి పిలిపిస్తే, "రెండు కాళ్లోడితో ఆయనకేం పని" అని చెప్పి పంపించాడు.

మామ మళ్లీ మంచం మీదికి వచ్చి కూర్చున్నాడు. ఈసారి చేతుల నిండా నూనె, కళ్ల నిండా మంట. ఆ పొద్దు ఆయన మాట్లాడిన మాటలు రాయను. ఆ సాయంత్రం కొట్టంలో పాలు పిండుతూ అత్త నాతో మెల్లగా అంది, "నీ చెయ్యి దూరుతాది. పోమ్మే. ఆయప్ప వాకిలి దాటిపోతే నేను పగలు ఇంత నిద్రపోతా."

నేను పోయింది అత్త కోసం కాదు, మామ మీద జాలితో అంతకన్నా కాదు. ఆ మంచం ఖాళీ కావాలి, అంతే. నా భర్త పోవద్దన్నా వినలేదు. చీర గోచి పోసి కట్టుకొని, పైన నా భర్త పాత చొక్కా తొడుక్కొని, పానా పట్టుకొని కారు అవతలి పక్క నుంచి కిందికి పాకాను. ఆ రోజుల్లో మా ఇళ్లలో మామ ముందు కోడలు కూర్చోను కూడా కూర్చోదు. నేను ఆయన పక్కన మూరెడు దూరంలో వెల్లకిలా పడుకున్నాను. ఆయన తల తిప్పి చూసి, పైన బోల్టుల వైపు వేలు చూపించాడు. ఇంకెవరి చేతులూ దూరవని ఆయనకు తెలుసు.

ఆ రెండు బోల్టులు కంటికి కనపడవు. చేత్తో తడుముకుంటూ విప్పాలి. రేకు అంచు తగిలి మోచేయి కోసుకుపోయింది, మట్టీ పాతగ్రీజూ కళ్లలో రాలాయి. మొదటిది వదులై తిరిగినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ఆయనకు కనపడకూడదని ముఖం అటు తిప్పుకున్నాను.

పాత గేర్‌బాక్సు దిగింది. లారీజాకీ మీద పలక పరిచి, దాని మీదికి దించి, ఇనపగొలుసు కట్టి వెనక్కి లాగారు. దాని ముందుభాగంలో గుమ్మడికాయంత ఇనపగుండు ఒకటి ఉంటుంది. దాని నిండా నూనె. క్లచ్చి చేసే పనిని ఆ కారులో అది చేస్తుంది. అది జారి పడకుండా మామ రెండు చేతులా పట్టుకొని, జీతగాళ్లను బూతులు తిడుతూ బయటికి తెచ్చాడు.

గొడవ అంతా కొత్తది ఎక్కించేటప్పుడు వచ్చింది. జాకీ మీద దాన్ని పైకి లేపి, ఇంజనుకు ఎదురుగా తెచ్చి, ముందుకు నెట్టాం. చివర్లో బొటనవేలంత సందు మిగిలింది. ఎంత నెట్టినా పోలేదు. మామ వెనకవైపు గొలుసు సర్దుతున్నాడు. నేను కింది బోల్టులు పెట్టి, పానాతో బిగించడం మొదలుపెట్టాను. బిగిస్తే సందు మూసుకుపోతుందని అనుకున్నాను, చూస్తే మూసుకుపోతూ కూడా ఉంది. లోపల కిర్రుమని శబ్దం వచ్చింది. ఆ వెంటనే నా ముంజేతి మీద చంకకర్ర పడింది.

"తియ్ చెయ్యి. గుండు లోపలికి పోకుండానే బిగిస్తాండావు. పంపు పగిలిపోతాది."

నొప్పికి పానా జారిపోయింది. ఆ సంగతి ముందే చెప్పుంటే నేను బిగించేదాన్ని కాదు కదా అన్నాను. నీకు చెప్పేదేంది, నూనెగుడ్డలదానివి, చెప్పింది చేసేదానివి అన్నాడు. మద్రాసులో అమ్మినవాడు ఆ విషయం ఆయనకు వివరంగా చెప్పాడు. ఆ గుండును చేత్తో తిప్పుతూ లోపలికి నెట్టాలి, అది విడతలు విడతలుగా దిగుతుంది, పూర్తిగా దిగాకే బోల్టులు బిగించాలి, మొండిగా బిగిస్తే లోపల నూనె తోడే పంపు పగులుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మామ అన్నది నిజం. కర్రతో కొట్టి చెప్పాల్సిన నిజం కాదు.

నేను బయటికి వచ్చి, తొట్టి దగ్గర చేతులు కడుక్కొని ఇంట్లోకి పోయాను. ముంజెయ్యి వంకాయ రంగుకు తిరిగింది. అత్త పసుపూ సున్నం కలిపి పట్టించింది. మామ జీతగాళ్లతో పిలిపించాడు, నేను పోలేదు. కర్రతో నేలను కొట్టాడు, పోలేదు. కారు దుంగల మీద ఉండిపోయింది, గేర్‌బాక్సు జాకీ మీద ఉండిపోయింది.

నా భర్త నా చేతిని చూశాడు. ఎవరు కొట్టారని అడగలేదు. ఆయన అన్నది, "నేను చెప్తే వింటివా" అని. నాకు ఆ మాట కర్రదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. మరునాడు ఆయన నంద్యాల పోయి, ఒక ఫిట్టరునూ మామూలు గేర్‌బాక్సునూ బండిలో వేసుకొని వచ్చాడు. దాన్ని కొట్టం ముందు దింపించి, తండ్రికి వినపడేలా, పొద్దున్నే దీన్ని ఎక్కిస్తామని ఫిట్టరుతో చెప్పాడు.

తెల్లవారి మేము లేచేసరికి మామ కారులో ఉన్నాడు. అంత ఎత్తున దుంగల మీద ఉన్న కారులోకి ఒంటికాలితో ఎట్లా ఎక్కాడో ఎవరూ చూడలేదు. స్టీరింగు ముందు కూర్చొని, తలుపులు లోపల గడియ వేసుకున్నాడు. ఫిట్టరు సామాను పరుచుకొని కిందికి వంగాడు. మామ సీట్లో అటూ ఇటూ ఊగాడు. దుంగలు కిర్రుమన్నాయి. ఫిట్టరు వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"దిగు నాయనా" అన్నాడు నా భర్త.

"దిగను. కిందికి పోండి, ఎవురు పోతారో పోండి. కారుతో పాటు మీ మీదికి దిగుతా."

ఫిట్టరు పెద్దమనిషి. పిల్లలు గలవాణ్ని అని నా భర్తకు చెప్పి, సామాను మూట కట్టుకొని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు. నా భర్త వెనకే పోయి బతిమాలాడు, ఆయన ఆగలేదు. మామ మాత్రం కారులోనే కూర్చున్నాడు. ఎండెక్కింది. రేకు కాలుతోంది. అత్త చెంబుతో నీళ్లు పట్టుకుపోతే అద్దం దించలేదు.

నేను వంట ముగించి, చేతులు తుడుచుకొని కారు దగ్గరికి పోయాను. నా భర్త కొట్టం గుంజకు ఆనుకొని చూస్తున్నాడు. అద్దం మీద వేలితో కొట్టాను. మామ చాలాసేపటికి కొంచెం దించాడు.

"నేను ఎక్కిస్తా" అన్నాను. "ఏ పని ఎందుకో ముందు చెప్పల్ల. కర్ర నా దగ్గర ఉంటాది. కారు నడిచినాక, పగలు నువ్వు ఇంట్లో ఉండకూడదు. పొద్దున పోతే పొద్దు గూకినాకే రావల్ల."

నా బతుకులో ఆయనతో అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన కోపం చేస్తాడనుకున్నాను. చెమటతో తడిసిన ముఖం తిప్పి, నన్ను కాళ్ల నుంచి తల దాకా చూశాడు.

"నీ మొగం చూసుకుంటా కూకోవల్లని నాకేమన్నా మొక్కుబడా" అన్నాడు. తలుపు గడియ తీసి, కర్రను బయటికి చాచాడు. నేను అందుకున్నాను.

నా భర్త గుంజ దగ్గర నుంచి వచ్చి, "నువ్వు యెవురి పక్క?" అని అడిగాడు. నా వంటింటి పక్క అని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ రోజు నుంచి చాలా కాలం ఏమీ అనలేదు.

గేర్‌బాక్సును మళ్లీ వెనక్కి లాగి కిందికి దించాం. మామ గుండు మీద నా చేతులు పెట్టించి, ఎట్లా తిప్పాలో చెప్పాడు. పళ్లు బిగబట్టి చెప్పాడు కానీ చెప్పాడు. తిప్పుతూ నెడుతుంటే ఒక దగ్గర టక్కుమని కొంచెం లోపలికి పోయింది. ఇంకా ఉందన్నాడు. మళ్లీ తిప్పితే ఇంకొంచెం పోయింది. చివరిది ఎంతకూ దిగలేదు. నా చేతులు గుంజుకుపోయాయి, దెబ్బ తగిలిన ముంజెయ్యి పట్టు తప్పుతోంది. ఆయన తన చెయ్యి తెచ్చి నా చేతి పక్కన పెట్టాడు. ఇద్దరం కలిసి తిప్పితే అది బావిలో బిందె మునిగినట్టు ఒక్కసారి దిగింది. ఆయన చెయ్యి వెంటనే తీసేసుకున్నాడు, నేనూ తీసేసుకున్నాను.

ఈసారి గేర్‌బాక్సు సందు లేకుండా ఇంజనుకు అతుక్కుంది. బోల్టులు వేళ్లతోనే తిరిగాయి. పైన రెండూ మళ్లీ నేనే పెట్టాను. షాఫ్టు, ఊచలు, తీగ, గొట్టాలు, విప్పిన వరుసను తిరగేసి బిగించాం. కొత్త నూనె పోశాం. ఇంజను తిరుగుతుండగానే కొలకడ్డీ తీసి నూనె మట్టం చూడాలట. మామ ముందు నిలబడి చూస్తానన్నాడు. అప్పుడు స్టీరింగు ముందు ఎవరు కూర్చోవాలి అన్నది వచ్చింది. జీతగాళ్లిద్దరూ వెనక్కి జరిగారు. నేను ఎక్కి కూర్చున్నాను.

చెప్పినట్టు తాళం తిప్పి, కడ్డీని ఒక్కో గుర్తు దగ్గరికి జరిపాను. దుంగల మీద ఉన్న కారులో వెనక చక్రాలు గాలిలో మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. జీతగాళ్లు ఏదో దేవున్ని తలచుకున్నారు. మామ కొలకడ్డీని పంచె అంచుకు తుడిచి చూసి, మళ్లీ పెట్టి చూసి, "దిగు" అన్నాడు. అంతే. ఆ "దిగు"లో మెప్పు వెతుక్కునేంత ఆశ నాకు లేదు.

కారు దుంగలు దిగగానే ఒళ్లంతా ఉన్న నూనెతోనే ఆయన ఎక్కి కూర్చొని, కోయిలకుంట్ల రోడ్డు పట్టాడు. అత్త వాకిట్లో నిలబడి, కారు రేపిన దుమ్ము అణిగేదాకా చూసింది. తర్వాత లోపలికి వచ్చి, ఆయన మంచం మీదే పడుకొని నిద్రపోయింది.

మామ మాట నిలబెట్టుకున్నాడు. పొద్దున పోతే సాయంత్రమే వచ్చేవాడు. వచ్చాక నూనెగుడ్డలది అనడం మానలేదు, మజ్జిగ బాగుందనీ అనలేదు. నా భర్త తాను తెచ్చిన మామూలు గేర్‌బాక్సును నంద్యాలకు తిప్పి పంపకుండా, కొట్టం ముందే నాకు కనపడేట్టు వదిలేశాడు. పక్కమీద అటు తిరిగి పడుకునేవాడు. నాతో ఏదైనా చెప్పాల్సి వస్తే వాళ్లమ్మతో చెప్పేవాడు. ఆమె నాకు చెప్పేది, నేను ఆమెకు జవాబు చెప్పేదాన్ని, ఒకే గదిలో ముగ్గురం నిలబడి.

ఇట్లా ఒక మూడేళ్లు గడిచాయి. అప్పటికి మామకు చక్కెర జబ్బు ముదిరింది. ఉన్న ఒక్క కాలికీ పాదం మొద్దుబారింది. బ్రేకు మీద కాలు పెట్టాడో లేదో ఆయనకే తెలిసేది కాదు. ఒకసారి గడ్డివామిని గుద్ది వచ్చాడు, ఇంకోసారి రోడ్డు పక్క మైలురాయిని. కొడుకు, తాను నడుపుతానని, తాళం ఇవ్వమని తల్లితో అడిగించాడు. మామ మరునాడు పొద్దున కారు దగ్గర నిలబడి, నన్ను పిలిపించి, తాళం నా చేతిలో పెట్టాడు.

"నువ్వు నడుపు. క్లచ్చి లేదు కాబట్టి ఆడోళ్లకు కూడా వస్తాది."

నా మీద నమ్మకంతో కాదు. కొడుకు చేతికి పోకుండా ఉండటానికి. నాకది తెలుసు, ఆ తాళం తీసుకుంటే నా కాపురానికి ఏమవుతుందో కూడా తెలుసు. అయినా తీసుకున్నాను. ఎందుకంటే, దుంగల మీద చక్రాలు తిరిగినప్పుడు నా చేతికి తెలిసిన ఆ కదలిక నన్ను వదల్లేదు. కొట్టం చుట్టూ, తర్వాత కళ్లం దాకా, తర్వాత రోడ్డు మీద, ఆయన పక్కన కూర్చొని తిడుతుంటే నేర్చుకున్నాను. బజారు నడుమ పోతుంటే జనం నిలబడి చూశారు. ఆయన నేరుగా ముందుకే చూసేవాడు, నేనూ అంతే. ఆ ఏడాదంతా ఆయన్ని ఊళ్లకు తిప్పాను. ఆగు, తిప్పు, మెల్లగ, గాడిదా, అన్న మాటలు తప్ప మా మధ్య ఇంకో మాట లేదు.

ఒకరోజు కట్టు విప్పితే ఆయన కుడి పాదం వేళ్లు నల్లబడి ఉన్నాయి. నంద్యాలలో డాక్టరుకు చూపించాను. చీలమండ పైన తీసేయకపోతే మనిషి దక్కడని చెప్పాడు. మామ ఒప్పుకోలేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. నాకు ఆయన మాట విని తీసుకురావడం సులభం. ఇంటికి వస్తే నెల తిరగకముందే పోయేవాడు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. కానీ ఒక మనిషిని చావడానికి కారులో ఎక్కించుకొని పోవడం నాకు చేతకాలేదు. తాళం కొంగున ముడి వేసుకొని, ఆయన అరుస్తుంటే బయటికి నడిచాను. ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ ఆళ్లగడ్డకు పోయి, అత్తనూ నా భర్తనూ ఎక్కించుకొని మళ్లీ వచ్చాను. నా భర్త ఆ కారులో నా పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. దారి పొడుగునా కిటికీలోంచి శనగచేలు చూస్తూ కూర్చున్నాడు. నంద్యాలలో కాగితం మీద సంతకం ఆయనే పెట్టాడు. కాలు తీసేశారు.

మామ బతికాడు. ఇంటికి తెచ్చాక నేను గంజి పట్టుకుపోతే గిన్నె పక్కకు నెట్టి, "నా కాలు కోయిస్తివి గదా" అన్నాడు.

కోయించానని చెప్పాను.

ఆ తర్వాత నేను మా నాయనకు ఒంట్లో బాగాలేదని నంద్యాల పోయి కొన్నాళ్లుండి వచ్చాను. వచ్చేసరికి కారు లేదు. బనగానపల్లెలో ఒక మామిడితోటల ఆసామిని పిలిపించి ఇచ్చేశాడట. ఎంతకు ఇచ్చాడో ఎవరికీ చెప్పలేదు. కొడుకు కూడా అడ్డు చెప్పలేదు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదలు. అత్త నన్ను వాకిట్లోనే పక్కకు తీసుకుపోయి ఆ సంగతి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నేను ఏడవలేదు. నేరుగా లోపలికి పోయి, మామ ముందు నిలబడి ఎందుకమ్మినావని అడిగాను.

"నీ కాలు నేను తీసేసినా" అన్నాడు. "ఇంగ ఇద్దరం ఈ ఇంట్లోనే."

నేను వంటింట్లోకి పోయి పొయ్యి అంటించాను. ఆ రోజు మజ్జిగలో ఉప్పు అసలే వెయ్యలేదు.